వండని ఆముదం

పాలమూరులో మే నెల మధ్యాహ్నం రేకుల ఇల్లు ఎలా ఉంటుందో అందులో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా ఎక్కదు. ప్రమీల తల్లి రుక్కమ్మ ఆ వేడికే పోయింది. చేనులో కాదు, రోడ్డు మీద కాదు, సొంత ఇంట్లో, సొంత మంచం మీద, పక్కన నీళ్ల చెంబు పెట్టుకుని పోయింది. వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్లకే తగులుతుందని మేడల్లో ఉన్నవాళ్లు అనుకుంటారు. రేకు కింద నీడ ఉంటుంది గానీ, ఆ నీడ కూడా కాలుతూనే ఉంటుంది.

దినాలు అయ్యాక ప్రమీల ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ ఉద్యోగానికి వెళ్లింది. ఊరి చివర మెట్టభూముల మధ్య నూనెగింజల పరిశోధనశాల ఒకటుంది. ఆమె అందులో రసాయన శాస్త్రవేత్త. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, చుట్టుపక్కల అంతకు మించిన శాల లేదు కాబట్టి దాని డైరెక్టరు రఘోత్తమ్ గారు తననో మహావృక్షంగానే లెక్కేసుకునేవారు. అయినా మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది.

"సార్, ఇంటి కప్పుకు వేడి ఆపే నురుగు పలకలు ఉంటయి గదా, అవి మన ఆముదంతోని చేస్త," అంది ప్రమీల.

ఆ నాటికి పెట్రోలియం నుంచి తీసే నురుగు బంగారమైపోయింది. బావులు ఎండుతున్నాయి, ధర మండుతోంది. మందుల గిడ్డంగులకూ పెద్దవాళ్ల మేడలకూ తప్ప ఇంకెవరికీ దొరకదు. ఆముదంతో నురుగు చేయడం కొత్తేమీ కాదు గానీ, దాన్ని గట్టిపరచడానికి మళ్లీ ఆ పెట్రోలియం మందే కలపాలి. అది లేకుండా ఎవరికీ పొంగలేదు.

"చెయ్యమ్మా, ఎవరొద్దన్నరు? ఖర్చు మాత్రం అడగకు," అన్నారు రఘోత్తమ్.

ఏడాది గడిచింది. ఎన్ని కలిపినా గిన్నెలో నూనె నూనెలాగే ఉండిపోయింది. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి భర్త బాలకిషన్ ఆమె మొహం చూసి, "ఇయ్యాల గూడ ఆముదం తాగినట్టే ఉన్నవ్," అని నవ్వేవాడు. అతను హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఇందుజ.

చివరికి ఇడ్లీ పిండి దగ్గర ఆమెకు ఉపాయం తట్టింది. పిండి పొంగడానికి బయటి మందు వేయం, తన పులుపుతో తనే పొంగుతుంది. మరి ఆముదపు గింజకు సొంత పులుపు లేదా? ఉంది. పచ్చి గింజలో ఒక ఎంజైము ఉంటుంది, నూనెను విడగొట్టడం దాని పని. ప్రమీల దాన్ని పట్టుకుని, మచ్చిక చేసి, విడగొట్టే బదులు అల్లేలా మార్చింది. దంచిన పచ్చి గింజల ముద్ద కొంచెం తోడు వేస్తే, గిన్నెడు నూనె బుడగలు బుడగలుగా లేచి, పొద్దు వాలేసరికి లేత పసుపు పలకై కూర్చుంది. అందులో పెట్రోలియం చుక్క లేదు.

వింత అక్కడితో ఆగలేదు. ఆ పలకలో ఎంజైము చావలేదు, నిద్రపోయిందంతే. ఎండ తగలగానే లేచి పలకను ఇంకాస్త పొంగించేది, చల్లబడగానే అణిగిపోయేది. ఎండ ఎంత ముదిరితే పలక అంత మందమయ్యేది. రఘోత్తమ్ దాన్ని చేత్తో నొక్కి చూసి, "ఇది ఊపిరి పీలుస్తుందమ్మా!" అన్నారు. జనం తర్వాత దానికి పొంగు అని పేరు పెట్టుకున్నారు.

ఒక్కటే షరతు. గింజ పచ్చిగా ఉండాలి. వేయించినా ఉడికించినా తోడు చచ్చిపోతుంది.

ప్రమీల పుట్టింది గాండ్లవాళ్ల ఇంట్లో. తల్లి వంటాముదం తీసి వాడవాడకూ అమ్మేది. గింజలు వేయించి, దంచి, పెద్ద కుండలో పూటంతా ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మళ్లీ కాచేది. దంచేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకునేది, పిల్లలందరినీ పక్కింటికి తోలేసేది. కుండ ఉడికి నూనె తేలితే గానీ ఒక్కరినీ వాకిట్లోకి రానిచ్చేది కాదు. పిల్లల కళ్లు పడితే నూనె తేలదని చెప్పేది. ప్రమీల డిగ్రీలో ఉండగా, "ఇదంత మూఢనమ్మకం అమ్మా," అని వెక్కిరించింది. "ఏమో బిడ్డా, మా అత్త అట్లనే చేసేది," అంది రుక్కమ్మ. ఆమెకూ కారణం తెలియదు.

పరిశోధనశాలలో పచ్చి గింజలు దంచినప్పుడల్లా అందరికీ తుమ్ములు వచ్చేవి, కళ్లు ఎర్రబడేవి. మాస్కులు తెప్పించుకున్నారు, తుమ్ములు ఆగాయి. పలకలో గింజ విషం ఉందేమోనని పరీక్ష చేశారు, లేదు. నిప్పుకు, నీటికి, చెదలకు పెట్టి చూశారు, తట్టుకుంది. మాస్కులు పెట్టుకుని పనిచేసినవాళ్లకు, మాస్కు లేకుండా దాని కింద పడుకోబోయేవాళ్లు గుర్తుకు రాలేదు. ఇంత చదివినవాళ్లు ఇంత చిన్న సంగతి మరిచారంటే నమ్మబుద్ధి కాదు. కానీ మనిషి తన తుమ్ము ఆగిందంటే లోకానికే జలుబు తగ్గిందనుకునే రకం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. మొదటి పలకలు పరిశోధనశాల ఇచ్చిన తన క్వార్టరు రేకుల కిందే వేయించింది ప్రమీల. ఆ ఏడు మే నెల వచ్చింది. బయట కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. మధ్యాహ్నం అన్నం తిని ఇందుజ చాప మీద పడుకుంది. కాసేపటికి మోకాళ్లు ముడుచుకుని, "అమ్మా, ఫ్యాను బంద్ చెయ్యవే, సలి పెడుతుంది," అంది.

ప్రమీల ఫ్యాను ఆపి, వంటింట్లోకి వెళ్లి, సింకు పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఇంకో రెండేళ్లు బతికి ఉంటే అని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉందని ఆమెకు తెలుసు. అంత సంతోషం మళ్లీ ఆమెకు రాలేదు.

తర్వాత అంతా వరదే. పాలమూరు రైతు పత్తి మాని ఆముదం పెట్టాడు. ఊరి బయట పొంగు ఫ్యాక్టరీ లేచింది. బడులకు, బస్సులకు, ఆసుపత్రులకు, గుడిసెలకు కూడా పొంగు వచ్చింది. సర్కారు ఉచితంగా వేయించింది. రోజూ ఉబ్బుతూ అణుగుతూ ఉండే పలకల నుంచి కొంచెం సన్నటి పిండి రాలేది. ఆడవాళ్లు పొద్దున్నే మంచాల మీద, పొయ్యి గట్టు మీద దులుపుకునేవాళ్లు. చల్లదనం ఇచ్చేదాన్ని ఆ మాత్రం దులపలేమా అనుకునేవాళ్లు. ప్రమీల కూడా దులిపేది.

రెండో ఏడు ఇందుజకు తుమ్ములు మొదలయ్యాయి. జలుబన్నారు. తర్వాత దగ్గు వచ్చింది, దుమ్మన్నారు. తర్వాత రాత్రిళ్లు పిల్లిపిల్ల అరిచినట్టు ఛాతీలో కూత వినబడసాగింది. డాక్టరు ఉబ్బసం అని పీల్చే మందు రాశాడు.

"ప్రమీలా, నీ పొంగు వల్ల గాదు గదా?" అన్నాడు బాలకిషన్ ఒకరోజు. దెప్పలేదు, మామూలుగానే అడిగాడు.

"అన్ని పరీక్షలు చేసినం. దాంట్ల విషం లేదు," అంది ఆమె కొంచెం కోపంగా.

దసరా సెలవులకు తండాల దగ్గర ఉన్న బాలకిషన్ అక్క వాళ్ల ఊరికి వెళ్లారు. అక్కడికి ఇంకా పొంగు రాలేదు. ఇందుజ మేకపిల్లల వెంట పడి దుమ్ములో దొర్లింది, గడ్డివాము ఎక్కి దూకింది. ఒక్కసారి దగ్గలేదు. తిరిగి వచ్చి క్వార్టరు తలుపు తీసిన రాత్రే కూత మొదలైంది. ప్రమీల కూతురి వీపు రాస్తూ తలెత్తి కప్పును చూసింది. పక్కింటికి తోలేసిన పిల్లలు, ముక్కుకు కట్టిన కొంగు, తన మాస్కు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

ఆదివారం పొద్దున వంటింట్లో కూతుర్ని బల్ల మీద కూర్చోబెట్టింది. అవసరమైతే ఇవ్వడానికి సూదిమందు పక్కన పెట్టుకుంది. చిన్నదాని ముంజేతి మీద సూదితో మూడు చోట్ల సన్నగా గీరి, మూడు చుక్కలు వేసింది. ఒకటి మంచినీళ్లు. ఒకటి పొంగు పిండి నానబెట్టిన నీళ్లు. ఇంకోటి అదే పిండిని అమ్మ పద్ధతిలో పూటంతా ఉడికించి తీసిన నీళ్లు.

"ఏం ఆట అమ్మా ఇది?" అంది ఇందుజ.

"ఏది లేస్తదో సూద్దాం బిడ్డా."

మంచినీళ్ల చోట ఏమీ కాలేదు. ఉడికిన నీళ్ల చోట ఏమీ కాలేదు. నడిమి చుక్క కింద చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత ఉబ్బింది, చూస్తుండగానే రూపాయి బిళ్లంత దద్దురై లేచింది. గిన్నెలో మొదటిసారి పొంగు లేచినట్టే లేచింది.

"నడిమిది గెలిచింది!" అని ఇందుజ చప్పట్లు కొట్టింది. వెంటనే గోక్కోవడం మొదలుపెట్టింది. ప్రమీల ఆ చెయ్యి పట్టుకుని నడిమి చుక్కను కడిగింది, కడుగుతూనే ఉండిపోయింది.

గింజ పచ్చిగా ఉన్నంతసేపు దాంతోపాటు ఇంకో పదార్థం కూడా బతికే ఉంటుంది. అది విషం కాదు కాబట్టి విషపరీక్షలో దొరకదు. కొందరి ఒంటికి మాత్రం పడదు. ఒకసారి పడకపోయిందా, ఇక జన్మలో పడదు. పిండి రేణువు చాలు, ఊపిరి బిగుస్తుంది. పూటంతా ఉడికిస్తే అది చస్తుంది. కానీ దాంతోపాటు తోడూ చస్తుంది. తోడు చస్తే పొంగు లేదు.

ప్రమీల రఘోత్తమ్ గారి గదికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. విన్నాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎంతమందికి పడదమ్మా?"

"నూటికి ఒకరికో ఇద్దరికో, సార్. ఎక్కువ పిల్లలకే."

"పొంగు రాకముందు ఎండకు ఎంతమంది పోయేటోళ్లు?"

ప్రమీలకు మంచం పక్కన నీళ్ల చెంబు కళ్లముందు మెదిలింది. తన తల్లే ఆ జవాబు.

"ఊరూరికి పొంగు వద్దని చెప్పు. వచ్చే మే నెలల శవాలు ఎవరు లెక్కపెడ్తరు? నువ్వా, నేనా?" అన్నారు రఘోత్తమ్. "నీ బిడ్డ నా మనుమరాలసొంటిది. కానీ ఏం చెయ్యమంటవ్, చెప్పు. ఉడికించిన తోడుతోని పొంగు తెస్తవా? తే. రేపే మారుద్దాం."

కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని తెలిసీ ఆమె ఊరుకోలేకపోయింది. క్వార్టర్ల వెనక రేకుల కాలనీలో జనాన్ని కూడేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కడా ఇద్దరు పిల్లలకు ఛాతీలో కూత వస్తోంది. వాళ్ల తల్లులు తలలు వంచుకుని కూర్చున్నారు. చెన్నమ్మ లేచింది. ఆమె భర్తకు పక్షవాతం, మంచం దిగలేడు.

"మేడం, ఒకటడుగుత ఏమనుకోకు. పొంగు తీసేస్తే మా ఆయన ఈ ఎండకాలం దాటుతడా?"

"దాటడమ్మా," అంది ప్రమీల. అబద్ధం నోట రాలేదు.

"మరి నీ బిడ్డ దమ్ముకోసం మా మనుషుల్ని మళ్ల రేకు కింద ఎండబెట్టమంటవా? ఇచ్చింది నువ్వే, ఇప్పుడు గుంజుకునేది గూడ నువ్వేనా?"

జనం లేచి వెళ్లిపోయారు. ఒకరిద్దరు గట్టిగా తిట్టారు కూడా. ప్రమీలకు వాళ్ల మీద కోపం రాలేదు, అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా తోచింది. తప్పు ఎవరిదో ఒకరిదైతే వాళ్లను తిట్టుకునైనా మనిషి బతకవచ్చు.

క్వార్టరులో పలకలు పీకించేసింది. ఏం లాభం? అటు గోడా ఇటు గోడా పక్కవాళ్లవి, గాలి అందరిదీ. ఇందుజ బడి మానేసింది. బస్సు ఎక్కలేదు. కొట్టుకు వెళ్లలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది పసిదాని బతుకు.

మాఘమాసంలో ఒక పొద్దున ఆ పిల్లకు ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారాయి. బాలకిషన్ భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాడు. వార్డు గుమ్మం దాటగానే కూత కూడా ఆగిపోయింది, గాలి లోపలికి పోవడమే లేదు. ప్రమీల తలెత్తి చూసింది. వార్డు కప్పంతా పొంగే. ఈ ఆసుపత్రికి పలకలు వేసిన రోజు రిబ్బను కత్తిరించింది కూడా తనే.

"బయటికి! బయటికి తే!" అని కేక పెట్టింది.

నర్సు వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మేడం, ఆక్సిజన్ లోపలున్నది!"

"సిలిండరు బయటికి గుంజుకరా తల్లీ, నీ కాళ్లు మొక్కుత."

సైకిల్ స్టాండు పక్కన నేల మీద పడుకోబెట్టి ఆక్సిజను పెట్టారు, సూది వేశారు. వచ్చేపోయేవాళ్లు నిలబడి చూశారు. కొంతసేపటికి ఛాతీలో మళ్లీ కూత వినబడింది. రోజూ గుండె కోసే ఆ కూత ఆ పూట ప్రమీలకు వరంలా వినిపించింది.

"పొంగు లేని చోట ఉంచండి," అన్నాడు డాక్టరు.

"ఏడున్నది సార్ అట్లాంటి చోటు?" అన్నాడు బాలకిషన్. అక్క వాళ్ల ఊరికి కూడా సంక్రాంతికి పొంగు వచ్చేసింది.

ఒక్కటుంది. పాతవూరి చివర రుక్కమ్మ ఇల్లు. తాళం వేసి ఉంది కాబట్టి పొంగు వేసేవాళ్లు దాన్ని వదిలేశారు. చుట్టూ ఇప్పుడంతా ఖాళీ జాగా, ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క వట్టి రేకుల ఇల్లు అదే. ప్రమీల ఆ తాళం తీసింది. లోపల అమ్మ మంచం అలాగే ఉంది. ఆ మంచం మీదే కూతురికి పక్క వేసింది.

ఇందుజ తేరుకుంది. బుగ్గలు నిండాయి, ఛాతీ తేలికపడింది, వాకిట్లో గంతులేసింది. చలికాలం ఉన్నంతసేపు ఆ ఇల్లు స్వర్గమే.

మే నెల వచ్చింది.

ప్రమీల ఉద్యోగానికి సెలవు పెట్టింది. వాకిట్లో అమ్మ కుండే పొయ్యి మీద పెట్టి, దుమ్ము లేస్తుందని దంచకుండా గింజలు అలాగే ఉడికిస్తోంది. చచ్చిన తోడును మళ్లీ లేపే దారి ఏదైనా ఉందేమోనని రోజూ ఒక కొత్త మందు కలిపి చూస్తోంది. రోజూ గిన్నెలో నూనె నూనెలాగే ఉంటోంది. మరోపక్క పాత చీరలు తడిపి రేకుల మీద పరుస్తోంది. చిన్నప్పుడు అమ్మ పరిచినట్టే. అమ్మను అవి కాపాడలేదన్న సంగతి చీర తడిపిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఆ మధ్యాహ్నం గాలి లేదు. ఇందుజ తడి తువ్వాలు తల మీద వేసుకుని మంచం మీద కూర్చుంది. మొహం ఎర్రగా కందిపోయింది. పొద్దున నుంచి అన్నం ముట్టలేదు, నీళ్లు తాగినవి తాగినట్టే కక్కుకుంది. బాలకిషన్ ఐసుగడ్డ కోసం బజారుకు వెళ్లాడు.

"అమ్మా, ఇయ్యాల పొంగిందా?"

"లేదు బిడ్డా."

"అమ్మమ్మ ఈ మంచం మీదనే సచ్చిపోయింది గదా, ఎండకు?"

ప్రమీల చేతిలో గరిటె ఆగింది. "ఎవరు చెప్పిన్రు?"

"నాకెరుకే. ఈసారి మన జిల్లల ఎండకు ఒక్కరు గూడ సావలేదంట, నాయిన చెప్పిండు. అంత నీ పొంగు వల్లనే అంట. బళ్లె పిల్లలందరు నీ గురించి పాఠం చదువుతున్నరంట." ఇందుజ నవ్వింది. ఎండిన పెదవి చిట్లి నెత్తురు చుక్క కనబడింది. ఆ నవ్వులో ఎంత గర్వం ఉందో, ఆ తల్లికి అది చూడటం అంత భారమైంది. "నేను బడికి పోయినంక అందరికి చెప్తా, మా అమ్మే చేసిందని."

ప్రమీల కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నుదురు కాలుతోంది, చెమట లేదు. చెమట ఆగిపోతే ఏమవుతుందో ఈ ఇంట్లోనే ఒకసారి చూసింది ఆమె. కూతుర్ని ఎత్తుకుని పరుగెత్తుదామని లేచింది. ఎక్కడికి? ఆసుపత్రి చల్లగా ఉంటుంది. ఊళ్లో ప్రతి ఇల్లూ చల్లగానే ఉంటుంది.

తువ్వాలు మళ్లీ తడిపి తల మీద వేసింది. బిందెలో మిగిలిన నీళ్లన్నీ చీర మీద పోసి, భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కింది. రేకు అరచేతులను కాల్చింది. ఆమె వెనక్కి తీయలేదు, మంచం ఉన్న చోటికి సరిగ్గా పైన చీర పరిచింది.

"అమ్మా, పరిచినవా?" కింది నుంచి గొంతు సన్నగా వచ్చింది.

"పరిచిన బిడ్డా. ఇప్పుడు సల్లగైతది."

ఆమె నిచ్చెన దిగేలోపే చీర ఆరిపోయింది.